అమ్మ ఉన్న ఇంటి నుంచి కబురు

పుంగనూరు బస్టాండు దాటిందాకా సిద్దప్ప ఒళ్లోని సంచి మూతి విప్పలేదు. విప్పితే అడుగున, తువ్వాలు కింద, మాత్రల డబ్బా ఉంటుంది. నీలం ప్లాస్టిక్ డబ్బా, వారానికి ఏడు వరసలు, వరసకు రెండు గదులు, పొద్దుటికొకటి, రాత్రికొకటి. కోడలు ఉష ఆదివారం ఆదివారం వంటింటి గడపలో కూర్చుని, అనపగింజలు పితికినట్టు ఒక్కో మాత్రను అట్టలోంచి నొక్కి ఆ గదుల్లో వేస్తుంది. ఆమె వేసినవి వేసినట్టే నిన్న రాత్రి గదిలో ఉన్నాయి. ఈ పొద్దుటి గదిలోనూ ఉన్నాయి. బస్సు గుంతలో దిగినప్పుడల్లా సంచిలో గలగలమంటున్నాయి. పొద్దున ఉష ఫోన్ చేసింది. ఇంట్లో ఉంటే పిలిచి అడుగుతుంది, ఊరికి పోతే ఫోన్ చేసి అడుగుతుంది. "మామా, ఏసుకుంటిరా?" "ఏసుకుంటినిలేమ్మా." నోటి నుంచి ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. పాలల్లో నీళ్ళు కలిపి లేదన్నాడని కొండప్పతో, ఒకే పలక మీద అక్షరాలు దిద్దిన కొండప్పతో, వాడు చచ్చేదాకా మాట్లాడని మనిషి తను. పరీక్ష పోయిందని దాచినందుకు కొడుకు మల్లికార్జునను ఒక పూటంతా ఎండలో నిలబెట్టిన మనిషి. భార్య పాపక్క ఆరోజు కొంగు నోట్లో కుక్కుకొని తలుపు చాటున ఏడ్చింది. "వాడేం కొల్లగొట్టినాడని?" అంది. "అబద్ధం చెప్పినాడు" అన్నాడు తను. ఇప్పుడు ఎవరు తనను ఎండలో నిలబెట్టాలి? పాపక్క లేదు, మట్టిలో ఉంది.

ఆడవాళ్ళకు టికెట్టు తీసేసినప్పటి నుంచి బస్సులో కాలు మోపే చోటు లేదు. ఆధార్ కార్డులు చేత పట్టుకొని, చంకలో బిడ్డలతో, బుట్టలతో, ఒకరి మీద ఒకరు. వెనక ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు వచ్చినప్పుడల్లా సిద్దప్ప మాస్కు మీద చేయి పెట్టి నొక్కుకుంటున్నాడు. పక్క సీటాయన చూస్తూనే ఉన్నాడు. చొక్కా మీద టమాటా మరకలు, చెవిలో బీడీ. మదనపల్లె మార్కెట్టుకు పోయే మనిషి. "ఏమప్పా, కరోనా మళ్ళా వస్తాండాదా? నీకొక్కడికే ముందే చెప్పిండారా?" అన్నాడు. ముందు సీటు ఆడవాళ్ళిద్దరు నవ్వారు. సిద్దప్ప నవ్వలేదు. "దుమ్ము" అన్నాడు. ఇంకో అబద్ధం. అబద్ధాలు గొర్రెల్లా ఉంటాయి, ఒకటి గట్టు దూకితే మిగతావి ఆగవు. బస్సులో దుమ్ముకు భయపడి మాస్కు పెట్టుకున్న ఈ మనిషే నిన్న సాయంత్రం గుడుపల్లె దగ్గర అక్క ఇంటి గడప తొక్కే ముందు మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. అన్నేళ్ళ తర్వాత తోడబుట్టినదాని ఇంటికి పోతూ, ముక్కూ నోరూ మూసుకొని, చెత్తకుప్ప పక్కన నడిచే వాడిలా పోవడమా? పెట్టుకోవాల్సిన చోట తీశాడు. ఇప్పుడు ఊపిరాడకుండా బిగించుకుంటున్నాడు.

ఈ ప్రయాణానికి తప్పు డాక్టరుది. అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది. పోయిన నెల రక్తం చూసి, అంతా బాగుంది అని చెప్పి, కాగితం తిరిగిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. "నీకు కిడ్నీ ఇచ్చినావిడ ఎట్లుంది? ఆమె కూడా ఏటేటా చూపించుకోవాలని చెప్పింటిమి, చూపించుకుంటోందా?" ఎట్లుందో సిద్దప్పకు తెలియదు. ఆపరేషనై మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆమె ఎట్లుందని ఒక్కసారి అడగలేదు. ఆమె ఫోన్ చేస్తే ఉషకు ఇచ్చేవాడు. ఉష పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది, ఆమే అంది, "బాగుండాది సార్, పోయిన్నెల్లో కుప్పంలో చూపించినారంట." కోడలికి తెలిసింది తమ్ముడికి తెలియదు. డాక్టరు తర్వాతి రోగిని పిలిచాడు. తిట్టుంటే బాగుండేది. సిద్దప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకొని లేచాడు.

అక్క అనే మాటను ఆయన అందరి ముందూ తెంచుకున్నాడు. పాపక్క పోయినరోజు. చేలో వేరుశనగ పీకుతూ అట్లే ఒరిగిపోయింది, నీళ్ళు తాగించేలోపే అయిపోయింది. చుట్టాలందరూ వచ్చారు. అక్క తిమ్మక్క ఒక్కతే రాలేదు. పాపక్కను ఈ ఇంటికి ఏరి తెచ్చింది తిమ్మక్కే, ఒకే కంచంలో తిన్నవాళ్ళు, పండగకు ఒకే రంగు రైకలు కుట్టించుకున్నవాళ్ళు. వస్తుంది, బస్సు దొరకలేదేమో అని శవాన్ని పొద్దు వాలేదాకా ఆపాడు. ఎండాకాలం. మొహం మీద ఈగలు తోలుతూ కూర్చున్నాడు. మనిషి రాలేదు, కబురూ రాలేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. గుంతలో మట్టి వేసి లేచి, చేతులు దులుపుకోకుండానే అన్నాడు, "ఈ పొద్దుతో నాకు అక్క లేదు." తర్వాత ఆమె వచ్చింది, పెద్దకర్మ దాటినాక, వీధి మొగదల నిలబడింది. తను లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఎందుకు రాలేదో అడగలేదు. అడిగితే చెబుతుంది. చెబితే వినాలి. విన్నాక మన్నించాల్సి వస్తుందేమో. ఆ బాధ ఎందుకని అడగలేదు. ఇదంతా అప్పుడు తెలిసి చేయలేదు. ఇప్పుడు, ఈ బస్సులో తెలుస్తోంది. తెలియకుండా ఉంటే బాగుండేది.

మరి కిడ్నీలు రెండూ పాడై, ఒళ్ళంతా వాచి, మిషను మీద పడుకోబెట్టి రక్తం కడుగుతున్నప్పుడు, కొడుకుది సరిపోలేదని తేలినప్పుడు, ఆసుపత్రి వరండాలోకి ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకొని వచ్చిందెవరు? తను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మంచం పక్కన నిలబడి, తనతో కాదు, మల్లికార్జునతో అంది, "నాది తీసుకోమనప్పా. నాకు రెండుండాయి, పురుగులు మేపేదానికి ఒకటి సాలు." తిమ్మక్క పట్టుపురుగులు మేపుతుంది. నర్సు వచ్చి, ఆపరేషను తర్వాత గుంపులో తిరగకూడదు, జబ్బున్న వాళ్ళ దగ్గరికి పోకూడదు, చేతులు కడుక్కోవాలి అని చెబుతుంటే ఆమె తలాడిస్తూ, "ఓ, మా పురుగుల మాదిరే. నేనూ ఎవురినీ షెడ్డులోకి రానీను. సున్నంలో కాళ్ళు పెట్టకుండా మా మొగుణ్ణే రానీకపోతిని" అంది. నర్సు నవ్వింది. గోడవైపు తిరిగి ఉన్న సిద్దప్పకూ నవ్వొచ్చింది. మింగేశాడు. ఆమెది తీసుకున్నాడు, ఆమెను తీసుకోలేదు. అదీ తన సంగతి. దాన్ని చాలా రోజులు పౌరుషం అనుకున్నాడు.

ఆపరేషనైనాక డాక్టరు చెప్పాడు. "నీ ఒంటికి ఇది పరాయిది సిద్దప్పా. నువ్వు మరిచిపోయినా నీ రక్తం మరిచిపోదు, తరిమేయాలనే చూస్తుంది. రోజూ రెండు పూటలా మాత్రలేసి ఆ తరిమే గుణాన్ని పండబెట్టాల. అది పండుకుని ఉంటే బయటి జబ్బులు సులువుగా దూరతాయి, అందుకే నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకొని ఉండాల. ఒక్క పూట మానినా అది లేస్తుంది." అప్పుడు అర్థమైంది తన రక్తం తనలాంటిదేనని. ఇచ్చినదాన్ని లోపల పెట్టుకొని, రాత్రీ పగలూ దాని మీద పళ్ళు నూరుతూ ఉంటుంది. రెండు పూటలా గుప్పెడు మాత్రలు మింగితే తప్ప ఊరుకోదు. నిన్న రాత్రి మింగలేదు. లోపల ఏం జరుగుతోందో. అంతా మామూలుగానే ఉంది, నొప్పి లేదు, జ్వరం లేదు. అది తెలిసేలా రాదని కూడా డాక్టరే చెప్పాడు.

రోడ్డు పక్కన చింతచెట్లు పోతున్నాయి. ఒకామె పొట్టి పుంగనూరు ఆవును తోలుకొని అడ్డం వచ్చింది, డ్రైవరు హారన్ కొట్టి తిట్టాడు, ఆవు తొందరపడలేదు. సిద్దప్పకు ఆ చిన్న ఆవు మొహం చూస్తే వెన్నెల గుర్తొచ్చింది. తిమ్మక్క మనవరాలు. అవే కళ్ళు. నిన్న సాయంత్రం గడప తొక్కగానే ఎవరో తెలియకుండానే వచ్చి మోకాళ్ళు పట్టుకుంది. తిమ్మక్క లోపలి నుంచి వచ్చి, చేతిలో చాట అలాగే పట్టుకొని నిలబడిపోయింది. ఎందుకొచ్చావనలేదు, ఇన్నేళ్ళకా అనలేదు. "కాళ్ళు కడుక్కో, రాగిముద్ద పెడతా" అంది. ఇంట్లో చెప్పకుండా వచ్చాడు తను. పుంగనూరు దగ్గర మన ఊళ్ళో పొలం చూసి వస్తానని చెప్పి, కుప్పం బస్సెక్కాడు. అక్క లేదన్న నోటితో అక్క దగ్గరికి పోతున్నానని ఎలా చెబుతాడు? వెన్నెల ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఒళ్ళు కాలుతోంది. "కొంచం వెచ్చంగుండాది మామా, పొద్దున్నించి అట్లే" అంది దాని తల్లి, తిమ్మక్క కోడలు రేఖ. దించమని తనకు చెప్పాల్సిన పని లేదు, తనకే తెలుసు. జ్వరమున్న వాళ్ళను ముట్టుకోకూడదని మూడేళ్ళుగా ఉష పోరుతూనే ఉంది. కానీ ఆ బిడ్డ తల చొక్కా మీద ఆనించి నిద్రపోయింది. పాపక్క పోయినాక ఎవరూ ఆయన మీద తల పెట్టలేదు. దించలేకపోయాడు. వేడి చొక్కాలోంచి లోపలికి దిగుతుంటే కదలకుండా కూర్చున్నాడు.

ఎనిమిదింటికి ఫోన్లో అలారం మోగింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దమ్మ వచ్చి, దీపం దగ్గర పెట్టి, బిడ్డ గౌను ఎత్తి చూసింది. పొట్ట మీద నీటిబొట్టు లాంటి పొక్కు. ఇంకొకటి. పెద్దమ్మ చెంపలు వేసుకుంది. "తల్లొచ్చిండాది" అంది. అందరూ లేచి నిలబడ్డారు. వేపమండ వాకిట్లో కట్టారు. పొయ్యి మీద తాలింపు దించేశారు. "ఇంట్లో ఇంగిలీషు మందులుంటే బయట పెట్టండమ్మా, ఆయమ్మ ముందర మందు మింగగూడదు" అంది పెద్దమ్మ. రేఖ జ్వరం సీసాను తీసుకుపోయి గోడ అవతల పెట్టింది. అలారం ఇంకా మోగుతోంది. అందరూ తనవైపు చూసినట్టనిపించింది. సిద్దప్ప ఏడో తరగతి దాకా చదివాడు. అది అమ్మవారు కాదు, అంటుజబ్బు అని తెలుసు. తెలిసీ అలారం నొక్కేశాడు. డబ్బాను సంచి అడుక్కు తోసేశాడు. భక్తా? కాదు. అంతమంది ముందు గుప్పెడు మాత్రలు అరచేతిలో పోసుకుంటే, అదిగో చూడండి అక్క ముక్కతో బతుకుతున్నాడు, ఆ ముక్క కోసం అమ్మనే ధిక్కరిస్తున్నాడు అనుకుంటారని సిగ్గు. సిగ్గుపడి, ఆ ముక్కనే చంపబోయాడు. అందరూ పడుకున్నాక బిడ్డ దాహమంది. లోటాతో పాలు తాగించాడు. మిగిలిన గుక్కెడు, పారబోయలేక, తనే తాగాడు. ఇది మాత్రం ఎవరూ చూడలేదు.

తెల్లారి తిమ్మక్క అడిగింది. "రాత్రి మాత్రలు ఏసుకుంటివా?" "ఊఁ." ఆమె మాట్లాడకుండా సంచి లాగి, డబ్బా తీసి మూత ఎత్తింది. "నాకు సదువు రాకపోతే ఏమిరా, కండ్లు గూడా లేవా? నిండుగుండాదే ఇది!" అంతే, సంచి సిద్దప్ప చేతిలో కుక్కి రెక్క పట్టుకొని వాకిట్లోకి తోసింది. "పో. ఇప్పుడే పో. అమ్మ ఉన్నింట్లో ఒక్క గడియ ఉండద్దు. బస్సెక్కినంకనే ఏసుకో, పో నాయనా." అది భయమని అప్పుడు తెలియలేదు. గెంటినట్టే అనిపించింది. వీధిలో పాలకు పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. తనలోని పాత మనిషి లేచాడు. "పాపక్క సచ్చినప్పుడు రాకపోతివి! ఇంటికొస్తే కుక్కను తరిమినట్టు తరుముతాండావు! నీ ముక్క ఇచ్చినావని ఇంత పొగరా? తీసుకో, కోసి తీసుకో!" అని చొక్కా పైకెత్తాడు. వీధి నడుమ, అందరి ముందు, పొత్తికడుపు మీద కుట్ల గీత కనపడేలా. తిమ్మక్క కొంగు మొహం మీదికి లాక్కుంది. రేఖ కంచె లోపలి నుంచి అరిచింది, "అప్పుడూ ఇదే మామా! మా పెద్దోడు అరుణుకు తల్లి పోసిండె అప్పుడు! అమ్మ ఉన్నింటి నించి సావింటికి మనిషీ పోగూడదు, కబురూ పోగూడదు. ఫోను సేతిలో పెట్టుకొని మూడు దినాలు ఏడ్సె అత్త!" "నోరు మూయే" అంది తిమ్మక్క. సిద్దప్ప చొక్కా కిందికి దించుకున్నాడు. దించుకొని నడిచాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చేయాలో తెలియలేదు.

బస్సెక్కినంకనే ఏసుకో అంది. కుప్పంలో ఎక్కినప్పుడు వేసుకోలేదు, కోపం. పలమనేరులో మారినప్పుడు వేసుకోలేదు, కోపం పోయి ఆ చోట ఇంకొకటి కూర్చుంది. మూడు దినాలు ఏడ్చిందట. తను ఈగలు తోలుతున్నప్పుడు ఆమె అక్కడ వేపమండల మధ్య కూర్చుని మోగుతున్న ఫోనును చూస్తూ ఏడ్చింది. ఎత్తలేదు. ఎత్తితే ఆ బిడ్డకు ఏమవుతుందోనని. ఆమెకు అది నిజం. తనకు ఈ డబ్బా ఎంత నిజమో అంత నిజం. ఇన్నేళ్ళూ తను మోసింది ఏమిటి మరి? తను తెంచుకున్నది ఎవరిని? రెండు పూటలవి కలిపి ఒకేసారి మింగితే సరిపోతుందా? అలా మింగకూడదని నర్సు చెప్పినట్టు గుర్తు. ఉషను అడగాలి. అడిగితే పొద్దున చెప్పిన అబద్ధం బయటపడుతుంది, పుంగనూరు అబద్ధం బయటపడుతుంది, ఒళ్ళో పడుకోబెట్టుకున్నది బయటపడుతుంది. ఇంటికి పోయి, రాత్రి నుంచి మామూలుగా వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండానే అక్క కిడ్నీ లోపల ఆగిపోతుంది. పాపక్కలా. నీళ్ళు తాగించేలోపే.

ఫోను మోగింది. ఉష. సిద్దప్ప మాస్కు కిందికి లాగకుండానే ఫోను చెవిన పెట్టుకున్నాడు. "ఆఁ అమ్మా, పుంగనూరు దాటినా, పొలం బాగుండాది, చింతకాయ..." అంటున్నాడు.

"మామా," అంది ఉష. "గుడుపల్లె అత్త ఇందాక ఫోన్ చేసింది."

బస్సు చప్పుడు చేస్తూ గట్టెక్కుతోంది. ఆయన రెండో చెవి మూసుకున్నాడు. "ఎవురు?"

"అత్త. మీరు రాత్రి మాత్రలు ఏసుకోలేదని చెప్పింది. పాపకు అమ్మ పోసిండాదని చెప్పింది. మీ అబ్బాయి డాక్టరుతో మాట్లాడినాడు. పొద్దుటివి ఇప్పుడే ఏసుకోవాలంట, ఈ నిమిషమే. రాత్రివి కలపద్దండి మామా, పోయింది పోయిందే అన్నాడు డాక్టరు. మదనపల్లె బస్టాండులో దిగి ఇంటికి రావద్దు, మీ అబ్బాయి బండి పెట్టుకొని ఉంటాడు, నేరుగా ఆసుపత్రికి. మందు మొదలుపెడతారంట. పొక్కులు లేచిందాకా కాచుకుంటే మీకు ఆగదన్నాడు డాక్టరు. వింటాండారా?"

పొద్దున అబద్ధం చెప్పినారే అనలేదు. ఆమె గొంతులో కోపం కోసం వెతికాడు. దొరకలేదు. దొరికుంటే పట్టుకొని నిలబడేవాడు.

"అత్తకు తెలీనిది ఒకటుండాది" అన్నాడు సిద్దప్ప. "పాప ఎంగిలి పాలు తాగినాను. రాత్రి. డాక్టరుకు అది గూడా చెప్పమను."

"చెప్తా మామా."

"ఉషా. అక్క... ఫోను యాడి నించి చేసింది? బయటికొచ్చి చేసిందా?"

"లేదు మామా, ఇంట్లో నించే. అమ్మకు మొక్కుకొని చేసినా అంటాండె. ఫోన్లో గూడా కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడింది పాపం, సగం మాటలు అర్థం కాలే. మందు కబురు పంపిన తప్పు నాది, బిడ్డది గాదు అని అమ్మకు చెప్పినాను, వాణ్ణి మందు ఏసుకోమను అని, అదే మళ్ళీ మళ్ళీ."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. సంచి మూతి విప్పాడు. తువ్వాలు తీశాడు. డబ్బాలో రాత్రి గదిని అలాగే వదిలి, పొద్దుటి గది మూత ఎత్తి, మాత్రలన్నీ అరచేతిలో పోసుకున్నాడు. పెద్దవి, చిన్నవి, ఒకటి గుళిక. ముందు సీటు ఆడవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ. మాస్కు గడ్డం కిందికి లాగి, ఉష కాచి పోసిచ్చిన నీళ్ళ సీసా మూత తిప్పాడు.

"అబ్బో, ఇన్నా! దుమ్ముకేనా అప్పా ఇన్ని మందులు?" అన్నాడు పక్క సీటాయన.

"కాదు. కిడ్నీది" అన్నాడు సిద్దప్ప. "మా అక్క ఇచ్చిండాది."

అతను నవ్వు ఆపేసి, ఎందుకో చెవిలోని బీడీ తీసి జేబులో పెట్టుకున్నాడు. కొంచెం అటు జరిగి చోటిచ్చాడు. సిద్దప్ప ఒక్కొక్కటిగా మింగాడు. చివరి మాత్ర గొంతులో అడ్డం పడింది. ఇంకో గుక్క తాగాడు, దిగింది. బయట టమాటా పెట్టెల లారీలు వరసగా మదనపల్లెవైపే పోతున్నాయి. మాస్కు మళ్ళీ పైకి లాక్కున్నాడు, కళ్ళ దాకా. చేయి చొక్కా మీదుగా పొత్తికడుపు కుడిపక్కకు పోయి, అక్కడే ఆగింది. మూడేళ్ళలో నర్సులు, డాక్టర్లు చేయి పెట్టిన చోటు, తను ఎప్పుడూ చేయి పెట్టని చోటు. వెచ్చగా ఉంది. మాస్కులోపల పెదాలు కదిలాయి.

పక్క సీటాయన తల వంచి చెవి దగ్గర పెట్టాడు. "నన్నేమన్నా అంటివా అప్పా?"

"నిన్ను కాదు" అన్నాడు సిద్దప్ప.